వివరాలు పోయాయని కంపెనీ దాచింది. అడిగే హక్కు నాకుందా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. అమ్మాయి కాలేజీ ఫీజు కోసం కాసులపేరు ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో తాకట్టు పెట్టాను. మొన్నామధ్య ఒకడు ఫోన్ చేసి నా లోన్ నంబరు, నగ బరువు, వడ్డీ బాకీ అన్నీ సరిగ్గా చెప్పి, ఈరోజు కట్టకపోతే వేలమేనన్నాడు. నమ్మి 38 వేలు పంపాను. మోసమని బ్రాంచికి వెళ్లాక తెలిసింది. "సంక్రాంతికి ముందే కస్టమర్ల వివరాలు పోయాయండి, బయట చెప్పొద్దన్నారు" అని అక్కడి కుర్రాడు చెప్పాడు. మేనేజరేమో ఏమీ పోలేదంటున్నాడు. కంపెనీని నిలదీయొచ్చా?

జవాబు: నిలదీయొచ్చమ్మా. కాలవ గట్టుకు రాత్రిపూట గండి పడితే, చూసినవాడు ముందు దిగువ చెరువుల వాళ్లను నిద్ర లేపుతాడు. గండి ఎవరి వల్ల పడిందో తెల్లారాక తేల్చుకుంటారు. మీ కంపెనీ ఆ లేపే పని చెయ్యలేదు. ఒక్క ఎస్సెమ్మెస్ పంపి ఉంటే ఆ ఫోన్ రాగానే మీకు అనుమానం వచ్చేది. వివరాలు పోవడం ఒక తప్పు, తెలిసీ చెప్పకపోవడం వేరే తప్పు. మీకు బలం ఆ రెండోదాంట్లోనే ఎక్కువని నా అభిప్రాయం.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సేవాలోపానికి ఇచ్చిన నిర్వచనంలోనే, వినియోగదారుకు చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని తొక్కిపెట్టడం కూడా ఉంది. కాబట్టి మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చెయ్యొచ్చు. కంపెనీ హెడ్డాఫీసు ఏ ఊళ్లో ఉన్నా మీరు అక్కడికి తిరగక్కర్లేదు. గడువు రెండేళ్లు.

సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 43ఏ సెక్షన్ కింద కూడా నష్టపరిహారం అడగొచ్చు. 5 కోట్ల లోపు క్లెయిములను రాష్ట్ర ఐటీ కార్యదర్శి న్యాయనిర్ణయాధికారి హోదాలో విచారిస్తారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పూర్తిగా అమలైన రోజున ఈ సెక్షన్ పోతుంది. 2025 నవంబరులో నోటిఫై చేసినప్పుడు దానికి పెట్టిన వ్యవధి 18 నెలలు. అందుకే ఆలస్యం చెయ్యొద్దంటున్నాను. కొత్త చట్టంలో, లీకు సంగతి బాధితులకూ, ఆ చట్టం కింద ఏర్పడే డేటా రక్షణ బోర్డుకూ చెప్పని కంపెనీకి 200 కోట్ల దాకా జరిమానా ఉంది. వినడానికి ఘనంగానే ఉంది గానీ ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు పోతుంది, మీ 38 వేలు మీకు రావు. మోసపోయిన మనిషికి పైసా ఇప్పించని ఈ ఏర్పాటు నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఇప్పుడు చెయ్యాల్సినవి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఇంకా ఫోన్ చెయ్యకపోతే ఈరోజే చెయ్యండి, మీ బ్యాంకుకూ రాసివ్వండి. తర్వాత కంపెనీకి రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో ఉత్తరం పెట్టండి: నా వివరాలు బయటికి పోయాయా, ఎప్పుడు తెలిసింది, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేశారా? ఇలాంటి సంఘటన తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు చెప్పాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ఉంది. లేదని రాతపూర్వకంగా అబద్ధమాడితే ఆ కాగితమే రేపు వాళ్ల మెడకు చుట్టుకుంటుంది. జవాబివ్వకపోయినా ఆ మౌనాన్ని కమిషన్ ముందు పెట్టొచ్చు.

అసలు కష్టం రుజువు దగ్గరే. ఆ దొంగకు వివరాలు కంపెనీ నుంచే చేరాయని చూపాలి. నగ బరువు మీకూ కంపెనీకీ తప్ప ఇంకెవరికి తెలుసు? ఫోన్ వచ్చిన తేదీ, సమయం, వాడు చెప్పిన ప్రతి అంకె మరిచిపోకముందే రాసిపెట్టుకోండి. కాల్ లిస్టు చెరపొద్దు.

ఆ కుర్రాడి పేరు మాత్రం ఉత్తరంలో రాయకండి, ఉద్యోగం పోతుంది. కంపెనీ రికార్డులు తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. ఆ దరఖాస్తు ఫిర్యాదుతో పాటే వేయించండి.