బికాజ్‌తో వాక్యం మొదలుపెట్టకూడదా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఎనిమిదో తరగతి. సెలవుల గురించి వ్యాసంలో ఒక వాక్యం రాశాడు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను: ‘బికాజ్ ఇట్ వజ్ రెయినింగ్ వియ్ ప్లేయ్డ్ క్యారమ్స్ ఇన్‌సైడ్.’ టీచర్ ‘బికాజ్’ కింద ఎర్రగీత గీసి అర మార్కు కోశారు. అండ్, బట్, బికాజ్‌లతో వాక్యం మొదలెట్టకూడదట. మాకూ చిన్నప్పుడు ఇలాగే చెప్పారు. నిజమేనా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: బికాజ్ అక్కడ ఉండొచ్చమ్మా, తప్పేమీ లేదు. మనమంతా స్కూల్లో రాసిన లీవ్ లెటర్ గుర్తు చేసుకోండి. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్.’ జ్వరం లేకపోయినా రాశాం! అందులో ‘యాజ్’ తీసి ‘బికాజ్’ పెట్టండి, వాక్యం కట్టుబడి ఏమీ మారదు. యాజ్‌కు పది మార్కులిచ్చి బికాజ్‌కు గీత పెట్టడం ఏం న్యాయం?

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మన పిల్లలు ఇలా రాస్తారు: ‘ఐ డిడ్ నాట్ కమ్ ఎస్టర్‌డే. బికాజ్ ఐ హ్యాడ్ ఫీవర్.’ తెలుగులో ‘నిన్న రాలేదు. ఎందుకంటే జ్వరం వచ్చింది’ అంటే శుభ్రంగా ఉంటుంది. మన ‘ఎందుకంటే’లో ‘ఎందుకు’ అనే ప్రశ్న కూడా ఉంది కాబట్టి దాని తర్వాతి జవాబు సొంత కాళ్ల మీద నిలబడుతుంది. బికాజ్ అలా కాదు, ఇంకో వాక్యాన్ని ఆనుకునే ఉండాలి. మధ్యలో ఫుల్‌స్టాప్ పెడితే ఆ ముక్క ఒంటరిదైపోతుంది. మాటల్లో ఎవరూ పట్టించుకోరు, పరీక్ష పేపర్లో మాత్రం అది అసంపూర్ణ వాక్యమే. ఇదంతా యాభై మంది పిల్లలకు విడమర్చి చెప్పే ఓపిక లేక ‘బికాజ్‌తో మొదలెట్టొద్దు’ అనేశాం. ‘అనేశాం’ అంటే నేను కూడా. ముప్ఫై ఏళ్లు ఎర్రసిరా వాడినవాణ్నే.

అండ్ సంగతీ అంతే. ఒకసారి నాగార్జునసాగర్ విహారయాత్ర మీద వ్యాసం రాయమంటే ఒక పిల్ల ఒక్క పేజీలో పదకొండు ‘అండ్ దెన్’లు రాసింది. బస్సెక్కాం, అండ్ దెన్ పులిహోర తిన్నాం, అండ్ దెన్ డ్యామ్ చూశాం... విసుగొచ్చి క్లాసు మొత్తానికీ అండ్‌ను నిషేధించాను. వాళ్లలో ఇద్దరు ముగ్గురు టీచర్లయ్యారు. నిషేధం వాళ్లతో వెళ్లింది, పులిహోర సంగతి నా దగ్గరే ఉండిపోయింది.

1611 నాటి ఇంగ్లిష్ బైబిల్ ఎవరింట్లోనైనా ఉంటే ఆదికాండం మొదటి అధ్యాయం తీయండి. 31 వచనాల్లో 29 ‘అండ్’తోనే మొదలవుతాయి. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి నెహ్రూ ప్రసంగంలో ‘అండ్ సో వియ్ హ్యావ్ టు లేబర్ అండ్ టు వర్క్’ అని ఒక వాక్యం మొదలవుతుంది. అమెరికాలో పుస్తకాల ఎడిటర్లు చేతిలో పెట్టుకునే షికాగో మాన్యువల్ ఈ నిషేధానికి వ్యాకరణంలో గానీ చరిత్రలో గానీ ఆధారం లేదని తేల్చేసింది. మంచి రచనల్లో ఒక్కోసారి పది శాతం దాకా వాక్యాలు ఇలాంటి మాటలతోనే మొదలవుతాయని కూడా చెప్పింది.

బట్‌తో నిక్షేపంగా మొదలుపెట్టొచ్చు. దాని వెనకాలే కామా మాత్రం వద్దు. మనం ‘కానీ...’ అని ఆగుతాం కదా, ఆ ఆగడాన్ని కామాగా పెట్టేస్తుంటారు. ‘హవెవర్’కు ఇది తిరగబడుతుంది. ‘అయినప్పటికీ’ అనే అర్థంలో మొదట వాడితే కామా ఉండి తీరాలి. లేకపోతే ‘హవెవర్ హార్డ్ హి ట్రైడ్’లో లాగా ‘ఎంత ప్రయత్నించినా’ అనే అర్థం వైపు లాక్కుపోతుంది.

అంకె సంగతి కూడా చెప్పేస్తాను. తెలుగులో ‘250 మంది వచ్చారు’ అని మొదలెడతాం. ఇంగ్లిష్‌లో వాక్యం మొదట్లో అంకె వేయకుండా అక్షరాల్లో రాయడం పద్ధతి. అంత పొడుగు రాయలేకపోతే వాక్యాన్నే తిప్పి రాసుకోవాలి.

ఇక మీవాడి వాక్యంలో దిద్దాల్సింది ఒకటుంది. ‘రెయినింగ్’ తర్వాత కామా లేదు. టీచర్‌గారి ఎర్రగీత దాని దాకా వెళ్లలేదు. ఆ అర మార్కు కామాకు కోసి ఉంటే నేను నోరెత్తేవాణ్ని కాదు.