క్యాంటీన్ వ్యాలెట్‌లో డబ్బు రెండుసార్లు జమ కావడం గురించి

మీ కాలేజీ క్యాంటీన్ వ్యాలెట్‌లో 500 వేస్తే ఒక్కోసారి 1000 పడుతోందని, నెలాఖరుకి పైసల్లో తేడా వస్తోందని రాశారు కదండీ. మీరు పెట్టిన కోడ్ చూశాను.

పైసల సంగతి తేలికే. మీరు మొత్తాన్ని ఫ్లోట్‌లో, అంటే దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే సంఖ్యా రకంలో, దాస్తున్నారు. అందులో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. అన్నీ పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా దాచండి. 45.50 రూపాయలంటే 4550.

అసలు టెన్షన్ రెండోది. 'డబ్బు అందింది' అని పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సేవ) పంపే వెబ్‌హుక్‌కి, అంటే ఆ ఆటోమేటిక్ కబురుకి, మీ సర్వర్ టైముకి జవాబివ్వకపోతే, అదే కబురు మళ్లీ వస్తుంది. గేట్‌వేల పద్ధతే అది. మీ కోడేమో వచ్చిన ప్రతిసారీ నిల్వకి 500 కలిపేస్తోంది. నా మొదటి వ్యాలెట్‌లో నేనూ ఇదే తప్పు చేసి, రాత్రంతా కూర్చుని లెక్కలు సరిచూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను, యూజర్ టేబుల్లో నిల్వను నేరుగా దిద్దడం ఇవాళే మానేయండి.

కిరాణా కొట్టు చిట్టా చూసే ఉంటారు. పద్దు కింద పద్దు రాసుకుంటూ పోతారు, నిల్వ కావాలంటే అవన్నీ కూడుకుంటారు. అలాగే పద్దుల టేబుల్ ఒకటి పెట్టి, ప్రతి జమకీ రెండు వరుసలు రాయండి: 500 రూపాయలకైతే, పైసల్లో, గేట్‌వే ఖాతాలో -50000, విద్యార్థి ఖాతాలో +50000. రెండూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో పడాలి (పడితే రెండూ, లేకపోతే ఏదీ పడదు), కూడితే సున్నా రావాలి. పేమెంట్ ఐడీ, ఖాతా ఐడీ కలిపి యూనిక్‌గా, అంటే అదే జత రెండోసారి పడకుండా, పెట్టండి. రెండోసారి వచ్చిన కబురు అక్కడే ఆగిపోతుంది. దానికీ హెచ్‌టీటీపీ 200 ('సరే, అందింది' అనే) జవాబే పంపండి, లేకపోతే వస్తూనే ఉంటుంది.

ఇప్పటికే ఎక్కువ పడిన ఖాతాలకి సవరణ పద్దు వేరే రాయండి, పాత వరుసలు ముట్టుకోకండి.