మార్గిట్ కర్ర ఎత్తగానే దొర్లకండి

ఎల్డెన్ రింగ్ గేమ్‌లో బాస్ మార్గిట్‌ని ఎంత తప్పించుకున్నా దెబ్బ తగులుతూనే ఉందన్నారు కదా, మీరు ముందే రోల్ (దొర్లి తప్పించుకునే బటన్) నొక్కేస్తున్నారండి. వాడు కర్ర ఎత్తి గాల్లో కాసేపు ఆపుతాడు, మీరు దొర్లి లేచేసరికి దించుతాడు. చేయి కిందికి కదిలాకే నొక్కండి, అదీ వెనక్కి కాదు, వాడి వైపుకే. ఎదురుగా నిలబడి ప్రాణం నింపే ఫ్లాస్క్ తాగితే బాకు విసురుతాడు, జాగ్రత్త.

అయినా కష్టంగా ఉంటే మర్క్‌వాటర్ గుహకి వెళ్లండి. అక్కడ ఎదురయ్యే ప్యాచెస్ అనే దొంగ లొంగిపోగానే కొట్టడం ఆపేయండి, తర్వాత వాడే 5000 రూన్లకు (గేమ్‌లో డబ్బు, లెవెల్ పెంచుకోవడానికీ ఇవే) మార్గిట్ సంకెల అమ్ముతాడు. మొదటి దశలో అది వాడితే మార్గిట్ నేలకు అతుక్కుపోతాడు, ఆ కాస్త సమయంలో బాదేయండి.

అసలైతే ముందు దక్షిణాన వీపింగ్ పెనిన్సులా తిరిగి రావడమే మేలు. చాలామంది వదిలేస్తారు గానీ చాలా మంచి ప్రాంతం, ఫ్లాస్క్ బలం పెంచే సేక్రెడ్ టియర్లు కూడా దొరుకుతాయి. వచ్చిన రూన్లు ప్రాణం పెంచే విగర్‌కే పెట్టండి.