కాలిన వైండింగ్ రాగి మళ్లీ తీగ అవుతుందా?

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి అందించే ఏరేటర్ మోటార్లకు వైండింగ్ చేస్తుంటాను. కాలిన తీగ తుక్కు కింద పోతోంది. అజ్జరంలో పాత ఇత్తడి కరిగించి కొత్త సామాను చేస్తారు కదా, దీన్నీ అలాగే కరిగించి తీగ లాగకూడదా?

జవాబు: లాగొచ్చండీ, మోటారే ఒప్పుకోదు. ఇత్తడిలో మూడో వంతు దాకా జింకే ఉంటుంది. ఇంకో చిటికెడు సీసం పడితే గుడిగంటకేం నష్టం? వైండింగ్‌కి అలా కుదరదు. రాగిలో 0.04 శాతం భాస్వరం కలిస్తే చాలు, కరెంటు పారే గుణం సుమారు అయిదో వంతు పడిపోతుంది. ఏసీ గొట్టాల రాగిలో భాస్వరం కావాలనే కలుపుతారు, అతుకు బాగా పడుతుందని. మీ తుక్కు సంచిలో అలాంటి ముక్క ఒక్కటీ లేదని చెప్పగలరా?

నా సర్వీసంతా జార్ఖండ్‌లోని ఘాట్‌శిలలో రాగి కొలిమి దగ్గరే గడిచింది. టన్ను రాయి తవ్వితే అందులో రాగి పది కిలోలు ఉంటే గొప్ప. రాయిని పిండి చేసి, నురగలో తేల్చి, ఇసుకతో కొలిమిలో వేస్తే ఇనుము చిట్టెంగా విడిపోతుంది. తర్వాత గాలి ఊదితే గంధకం కాలిపోతుంది. అప్పటికి రాగి 98, 99 శాతం. గడ్డ కట్టేటప్పుడు లోపలి వాయువు తన్నుకొచ్చి పైనంతా బొబ్బలు లేస్తాయి. అప్పటికే అది ఆక్సిజన్ పీల్చుకుని ఉంటుంది, అలాగే వదిలేస్తే పెళుసు. పాతకాలంలో కరిగిన రాగిలోకి పచ్చి దుంగలు తోసేవారు. దుంగ చిటపటలాడుతూ ఆక్సిజన్‌ని లాగేసేది. ఇప్పుడా పని గ్యాస్ చేస్తోంది.

అసలు శుద్ధి తొట్టెల్లోనే. ఆ రాగిని చెవులున్న తలుపురెక్కల్లాంటి పలకలుగా పోతపోసి, వాటిని మైలుతుత్తం, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన వెచ్చటి నీళ్లలో వేలాడదీస్తారు. అవునండీ, కొబ్బరితోటల్లో సున్నంతో కలిపే మైలుతుత్తమే. కరెంటు పారించడానికి తొట్టెకు సుమారు 0.3 వోల్టులు చాలు. పలకలోని రాగి కరిగి ఎదుటి రేకు మీద పేరుకుంటుంది. ఇనుము, నికెల్ కరిగినా నీళ్లలోనే ఉండిపోతాయి. వెండి, బంగారం కరగకుండా అడుగున బురదలో చేరతాయి. ఆ బురద గదికి తాళం, కాపలా! పది రోజులు ఆగితే 99.99 శాతం రాగి రేకు చేతికొస్తుంది.

మీ కాలిన తీగ కూడా చాలావరకు ఇలాంటి తొట్టెకే చేరాలి. టంకం అంటిన కొసలు, పైపు ముక్కలు కత్తిరించి వేరే సంచిలో వేయండి. శుభ్రమైన తీగకు తుక్కువాళ్లే ఎక్కువిస్తారు. తీగ మీది ఎనామిల్ పూత పోవాలని మాత్రం చెరువుగట్టున మంట పెట్టకండి, ఆ పొగ మంచిది కాదు.