ఉలవపాడు ఇసుకలో దిగబడే ఏటీవీకి సీసీ పెంచితే సరిపోదు

మీ 250 సీసీ ఏటీవీ (మట్టి, ఇసుక దారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి) ఇసుకలో దిగబడుతోంది, 500 సీసీది కొనాలా అని అడిగారు కదన్నా. దిగబడటానికి కారణం ఇంజిన్ కాదు, వెనక రెండు చక్రాలకే పవర్ వెళ్లడం. 250 సీసీ అమ్మేసి 500 సీసీ కొన్నా, అదీ టూ వీల్ డ్రైవే అయితే ఉలవపాడు దగ్గరి కరేడు ఇసుకలో రొయ్యల మేత బస్తాలతో మళ్లీ అక్కడే ఆగుతుంది. రొయ్యల చెరువు గట్టు, మామిడి తోట, రాత్రిపూట పందుల కాపలా అన్నింటికీ ఒకే బండి అంటున్నారు కాబట్టి:

1. ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ పవర్), లో రేంజ్ గేర్ (నెమ్మదిగా, బలంగా లాగే గేర్) రెండూ ఉండాలి. స్పోర్ట్స్ మోడళ్ల జోలికి పోవద్దు.

2. కొత్తది కొనే ముందు ఉన్న బండికి గాలి చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. పంక్చర్ షాపులో బైక్‌కు కొట్టినట్టే 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టేస్తారు. ఏటీవీలకు చాలావాటిలో 5 నుంచి 7 చాలు. మీ బండికి ఎంతో దాని మీద స్టిక్కర్‌లో ఉంటుంది. బంకులో గేజి ఇంత తక్కువను సరిగ్గా చూపించదు, లో ప్రెషర్ గేజి విడిగా కొనాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడండి, ఎడమా కుడీ సమానంగా ఉండాలి.

3. మేత బస్తా 25 కిలోలు. మూడు వేస్తే 75. క్యారియర్ అంత మోస్తుందా? మొత్తం లోడులో మీ బరువూ కలుస్తుంది. మించితే ట్రాలీ తగిలించండి.

4. ఉప్పునీళ్లలో తిరిగిన రోజే మంచినీళ్లతో అడుగు భాగం కడగండి.

పందులను లైటుతో, శబ్దంతో తరమడం వరకే. వేట జోలికి వెళ్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు, బండి కూడా పట్టుకుపోతారు.

హైవే దాటాల్సి వస్తే, రిజిస్ట్రేషన్ అవుతుందో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే అమ్మేవాళ్లతో రాయించుకోండి.