నూటికి మూడు రూపాయలకు తెచ్చి కాలేజీ ఫీజు కడతారా?

ప్రశ్న: హైదరాబాద్ నల్లగండ్లలో ఒక గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీ గార్డుని. జీతం 17,500. నా భార్య అక్కడే మూడు ఫ్లాట్లలో పనిచేసి 9,000 తెస్తుంది. అద్దె 6,500, సరుకులు 9,000, చిట్టీ 2,500, పాత లోను కిస్తీ 2,600, గ్యాస్, బస్సు, ఫోన్లు 2,400 పోగా 3,500 మిగులుతుంది. అమ్మాయి పది పాసైంది. నా భార్య పనికెళ్లే ఇంటి పిల్లలు చదివిన కార్పొరేట్ కాలేజీలోనే చేర్చాలనుకుంటున్నాం. మొదటి ఏడాదికి హాస్టల్‌తో కలిపి 1,50,000. తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. చేతిలో 6,000 ఉంది, మూడు తులాల బంగారం ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. లక్షన్నరకు మూడు రూపాయల చొప్పున నెలకు 4,500 వడ్డీ. మీకు మిగిలేది 3,500. మొదటి నెలలోనే వెయ్యి తక్కువ పడుతుంది. ఆ వెయ్యి ఎక్కడ తెస్తారు? ఎలాగోలా రెండేళ్లు కట్టారే అనుకుందాం, 1,08,000 వడ్డీకే పోతుంది, అసలు లక్షన్నర అలాగే ఉంటుంది. సెకండియర్ ఫీజు ఇంకా లెక్కలోకే రాలేదు.

మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. మీరు రోజూ గేటు తీసే కార్లలో చాలా వాటికి బ్యాంకు అందులో మూడో వంతు వడ్డీకే అప్పిచ్చి ఉంటుంది. ఆ ఫ్లాట్లలో ఎవరికైనా జ్వరమొచ్చి అయిదు వేలు ఖర్చయితే క్రెడిట్ కార్డు గీకి, వచ్చే నెల వడ్డీ లేకుండా కడతారు. మీ ఇంట్లో అదే జ్వరానికి నాలుగు రోజుల జీతం కోత, పైన డైలీ ఫైనాన్స్. పదివేలు రాయించుకుని చేతికి 8,500 ఇస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. లెక్క కడితే ఏడాదికి సుమారు 120 శాతం! మీలాంటి ఇళ్లు అప్పుల్లో దిగేది ఎక్కువగా ఇలాంటి అయిదు వేల దగ్గరే. అందుకే నాకు మీ ఉత్తరంలో ఫీజు కన్నా ఆ 6,000 ఎక్కువ కంగారు పెట్టింది. మీ నెల ఖర్చు 23,000. అంటే మీ దగ్గరున్నది వారం రోజుల ఖర్చు.

ముందు అత్యవసర నిధి. మూడు నెలల ఖర్చు 69,000 అంటే ఇప్పుడు భయమేస్తుంది కాబట్టి మొదటి మెట్టు 25,000 పెట్టుకోండి. మిగిలే 3,500లో 2,000 జీతం పడ్డ రోజే పక్కన పెడితే, ఉన్న 6,000తో కలిపి పది నెలల్లో అక్కడికి చేరతారు. మీ భార్య పేరిట వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. దాన్ని ఫోన్‌పేకి, గూగుల్ పేకి కలపొద్దు, కలిపితే నెల తిరిగేలోపు ఖాళీ అవుతుంది. నెలనెలా కట్టే పోస్టాఫీసు ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) ఈ పనికి రాదు, మూడేళ్లు నిండకుండా దాన్ని మూయనివ్వరు. పాత లోను తీరిపోగానే ఆ 2,600 కూడా ఇందులోకే మళ్లించండి.

రేపే చేయాల్సింది ఇంకొకటి ఉంది. జీతం స్లిప్పులో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కోత చూడండి. 17,500కి 0.75 శాతం, అంటే 131 రూపాయల చిల్లర కనబడాలి. కనబడకపోతే ఏజెన్సీని నిలదీయండి, అది మీ హక్కు. ఈఎస్ఐ ఉంటే కుటుంబానికి వైద్యంతో పాటు, మీరు మంచాన పడ్డ రోజులకు 70 శాతం వేతనం వస్తుంది, ఏడాదికి 91 రోజుల వరకు. మీ భార్యకు ఆ వీలు లేదు, ఆమె వెళ్లని రోజు డబ్బు రాదు. ఇద్దరూ బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) రాయించుకోండి. ఖాతాలో డబ్బు లేక ఆ 436 కట్ కాకపోతే పాలసీ ఆగిపోతుంది, మే నెలాఖర్లో గుర్తుపెట్టుకోండి.

బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి. ఎప్పుడైనా తప్పనిసరైతే బ్యాంకులోనే కుదువ పెట్టండి, నూటికి రూపాయి లోపు పడుతుంది. చిట్టీ రిజిస్టరైనదో కాదో ఈ వారమే కనుక్కోండి.

అమ్మాయి చదువు మాటకొస్తే, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేదు, గురుకులంలో హాస్టల్ కూడా ఉచితమే. పదిలో మార్కులు బాగుంటే, పది కాగానే ఇంజనీరింగ్ చదువులో చేర్చుకునే బాసర ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టండి. ఆ నోటిఫికేషన్ పది ఫలితాల తర్వాత వస్తుంది, ఆఖరు తేదీ దాటనివ్వకండి.