మే చివర ఊరికి వెళ్తే ఏ పక్షులు కనిపిస్తాయి?

మే నెలాఖరులో పిల్లలిద్దరినీ తీసుకుని జనగామ దగ్గర అత్తగారి ఊరికి వెళ్తున్నామని, జూన్ మూడో వారం దాకా అక్కడే ఉంటామని రాశారు. పక్షులు చలికాలంలోనే వస్తాయంటారు కదా, ఇంత ఎండలో ఏం కనిపిస్తాయి, చేతిలో కెమెరా కూడా లేకుండా వెళ్తే ప్రయోజనం ఉంటుందా అని అడిగారు. మాదీ అటువైపే. పదకొండేళ్లుగా ఎండాకాలం సెలవులన్నీ మా ఊరి చెరువు కట్ట మీదే గడుపుతున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, తప్పకుండా చూడండి. నన్నడిగితే ఏడాదిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మూడు వారాలు ఇవే.

చలికాలంలో వచ్చేవి వలస పక్షులు. తల మీద రెండు నల్ల చారలుండే పెద్ద బాతులు హిమాలయాలు దాటి వస్తాయి, సూదితోక బాతులు వస్తాయి. ఏప్రిల్ వచ్చేసరికి దాదాపు అన్నీ వెళ్లిపోతాయి. అవి మన దగ్గర తిని, విశ్రాంతి తీసుకుంటాయే తప్ప గూడు కట్టవు. గూడు కట్టడం, గుడ్లు పొదగడం, పిల్లల్ని సాకడం చూడాలంటే మన ఊరి పిట్టలనే చూడాలి. వాటిలో చాలా వాటికి ఆ పని ఎండాకాలంలోనో తొలకరిలోనో పడుతుంది. అంటే మీరు సరిగ్గా సమయానికే వెళ్తున్నారు.

ఎక్కడికెక్కడికో తిరగకండి. ఊరి చెరువు ఎండిపోతూ ఉంటుంది కదా, అక్కడ కూర్చోండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అప్పటికి చెరువులో నీళ్లు తూము దగ్గర చిన్న మడుగుగా మిగులుతాయి. చెరువంతా ఉన్న చేపలు, నత్తలు, కప్పలు అన్నీ ఆ మడుగులోకే చేరతాయి. కొంగలకు అదే పండగ. జనవరిలో నిండు చెరువు మీద ఎక్కడో దూరంగా చుక్కల్లా కనిపించే పక్షులు ఇప్పుడు యాభై అడుగుల దూరంలో నిలబడతాయి. బైనాక్యులర్ లేకపోయినా మీ పిల్లలకు బాగా కనిపిస్తాయి.

ముందుగా గుడ్డి కొంగను వెతకమనండి. బురద రంగులో, మెడ ముడుచుకుని, కదలకుండా కూర్చుంటుంది. మనం బాగా దగ్గరికి వెళ్లేదాకా లేవదు, అందుకే ఆ పేరు. ఈ రోజుల్లో దాని వీపు ముదురు వంగపండు ఎరుపులోకి మారి ఉంటుంది. జతకట్టే కాలపు రంగు అది, చలికాలంలో చూద్దామన్నా కనిపించదు. అలాగే గేదెల వెంట తిరిగే తెల్ల కొంగల తలా మెడా పసుపు ముద్ద అద్దినట్టు నారింజ రంగులోకి వస్తాయి. పిల్లలు ‘ఇది వేరే పక్షి’ అంటారు. కాదు, అదే పక్షి.

మడుగులో ముక్కు పూర్తిగా మూసుకోని కొంగ ఒకటి కనిపిస్తే అది నత్తగుల్ల కొంగ. పై ముక్కుకీ కింది ముక్కుకీ మధ్య సందు ఉంటుంది. నత్తలను, ఆల్చిప్పలను పట్టి లోపలి మాంసాన్ని బయటికి లాగడంలో దానిది ఆరితేరిన పని. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో ఈ కొంగలు జూన్‌లో వచ్చి ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. అవి వస్తే వానలు వస్తాయని అక్కడి వాళ్ల నమ్మకం. చాలామంది వాటిని సైబీరియా పక్షులంటారు గానీ వాటికి సైబీరియాతో ఏ సంబంధమూ లేదు, మన ఆసియా పక్షులే. అటువైపు బంధువులుంటే ఒకసారి వెళ్లి చూడండి. ఊరు ఊరంతా పక్షుల్ని కాపాడుకోవడం చూస్తే మనసు నిండిపోతుంది.

ఇప్పుడు తీతువు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీరు నడిచే దారిలోనే దాని గూడు ఉంటుంది.

కంటి ముందు ఎర్రటి తోలు, పొడవాటి పసుప్పచ్చ కాళ్లు, నలుపు తెలుపు మెడ. మనిషి కనిపిస్తే చాలు ‘టిట్టీ టిట్టిటీ’ అని అరుస్తూ తల మీద చక్కర్లు కొడుతుంది. తీతువు కూస్తే ఎవరికో మూడిందని మా నాయనమ్మ భయపడేది, ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆ మాట ఉంది. అది కూసేది తన గుడ్ల దగ్గరికి ఎవరో వస్తున్నారని. రాత్రిపూట కూసినా అంతే, కుక్కో నక్కో అటు పోతోందన్నమాట. మీ పిల్లలకు ఆ భయం అంటకుండా ముందే చెప్పండి.

దానికి గూడంటూ ఏమీ ఉండదు. ఎండిన చెరువు శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో, చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు, అంతే. అందులో నాలుగు గుడ్లు, సన్నటి కొసలన్నీ లోపలికి ఉండేలా పేర్చినట్టు ఉంటాయి. మట్టి రంగు మీద నల్లటి మచ్చలు. ఒక్కసారి చూపు తిప్పితే మళ్లీ దొరకవు.

ఏడేళ్ల క్రితం నేను చేసిన తప్పు చెప్పాలి. అప్పుడే కొత్తగా కెమెరా కొన్నాను. పొద్దున పదిన్నరకు శిఖంలో గూడు కనిపించింది. పక్షి వచ్చి గుడ్ల మీద కూర్చుంటే ఫొటో తీద్దామని పది పన్నెండు అడుగుల దూరంలో, తుమ్మ చెట్టు నీడలో కూర్చున్నాను. తల్లీ తండ్రీ రెండూ అరుస్తూ తిరుగుతున్నాయి గానీ దిగడం లేదు. కాసేపు ఓపిక పడితే అలవాటు పడతాయి అనుకున్నాను. గొర్రెలు తోలుకుని అటుగా వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూసి ఆగాడు. ‘‘బిడ్డా, నువ్వు గిట్ల కూసుంటే అది గుడ్ల మీదికి ఎట్ల పోతది? ఎండకు గుడ్లు ఉడుకుతయి. లే, లే’’ అన్నాడు. కోపంగా కాదు, కానీ గట్టిగానే.

లేచి ఆయన వెంట కట్ట మీదికి ఎక్కాను. అక్కడి నుంచి చూశాం. మేం దూరం జరిగిన రెండు నిమిషాలకు ఒక తీతువు మడుగు అంచున దిగింది. నీళ్లలో నిలబడి మోకాళ్లు వంచి, పొట్ట మునిగేలా కూర్చుని లేచింది, మళ్లీ కూర్చుంది. అలా నాలుగైదు సార్లు చేసి తడి పొట్టతో గబగబా నడుచుకుంటూ గూటికి వచ్చింది. పూర్తిగా కూర్చోలేదు. కాళ్లు కొంచెం వంచి, రెక్కలు కాస్త విప్పి, ముక్కు తెరిచి రొప్పుతూ గుడ్ల మీద గొడుగులా నిలబడింది. పొట్ట ఈకల నుంచి నీటి చుక్క ఒకటి గుడ్డు మీద పడి మెరవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. చల్లటి చోట్ల గుడ్లకు వెచ్చదనం కావాలి, ఇక్కడ రోహిణి ఎండలో చల్లదనం కావాలి. దాదాపు నెల రోజులు, తల్లీ తండ్రీ వంతులు మార్చుకుంటూ అలా కాపాడతాయి. ఆ పెద్దాయనకు ఇదంతా చిన్నప్పటి నుంచి తెలుసు.

ఆ తర్వాత మే నెలలో నేను గూటి దగ్గర రెండు నిమిషాలకు మించి ఎప్పుడూ నిలబడలేదు. మీరూ పిల్లలకు అదొక్కటే నియమం పెట్టండి. పక్షి అరుస్తూ తల మీద తిరుగుతోందంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. గుడ్లు ఎక్కడున్నాయో కనబడకపోయినా సరే, అడుగులు చూసుకుంటూ వెళ్లాలి.

ఈ రోజుల్లో ఇంకో ప్రమాదం ఉంది. చెరువు మట్టి పొలాలకు మంచిదని శిఖంలో జేసీబీలు, ట్రాక్టర్లు దిగుతాయి. పూడిక తీయడం మంచి పనే, చెరువు బతకాలంటే అది జరగాలి. కానీ తీతువు గూళ్లు సరిగ్గా అక్కడే ఉంటాయి. మూడేళ్ల క్రితం ఒక గూడు చుట్టూ నాలుగు వైపులా పెద్ద రాళ్లు పెట్టి, ట్రాక్టర్ నడిపే తమ్ముడికి చూపించి ‘‘తమ్మీ, ఈ జాగ ఒక్కటి వదిలెయ్, పదిహేను రోజులైతే పిల్లలు లేచిపోతయి’’ అని అడిగాను. ‘‘గింత దానికి బతిమిలాడుడెందుకన్నా’’ అని అతను మంచం వేసేంత చోటు వదిలేశాడు. చుట్టూ రెండడుగుల లోతు తవ్వారు, మధ్యలో ఆ దిబ్బ మిగిలింది. పిల్లలు గుడ్డులోంచి బయటికి వచ్చాక ఈకలు ఆరగానే నడవడం మొదలుపెడతాయి, గూట్లో కూర్చుని తినిపించాల్సిన పని ఉండదు. నాలుగూ దిబ్బ దిగి తల్లి వెనకాల వెళ్లిపోయాయి. మీకు అలాంటి గూడు కనిపిస్తే అడగడానికి మొహమాటపడకండి. మన ఊళ్లలో అడిగితే కాదనే వాళ్లు తక్కువ.

చెరువు దిగి పొలాల వైపు వెళ్తే పాలపిట్ట కనిపిస్తుంది, కరెంటు తీగ మీద. దసరాకు చూడాలని దాన్ని పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్లు ఉన్నారు. అలా పట్టడం చట్టరీత్యా నేరం, ఆ పక్షికి నరకం. మీ పిల్లలు మన రాష్ట్ర పక్షిని స్వేచ్ఛగా చూడాలంటే మే నెలే మంచిది. మగది ఆకాశంలోకి ఎగిరి, అరుస్తూ, అటూ ఇటూ పొర్లుతూ కిందికి దిగుతుంది. రెక్కల్లోని రెండు నీలాలూ అప్పుడు కనబడతాయి. తల లేని మోడు తాటి చెట్టు ఉంటే కాసేపు చూడండి, దాని తొర్రలోనే గూడు ఉండొచ్చు.

తాటి చెట్టు అంటే గుర్తొచ్చింది. ముంజలు తినేటప్పుడు పిల్లల్ని తల పైకెత్తి చూడమనండి. చెట్టు చుట్టూ సన్నటి కొడవలిలాంటి రెక్కలతో చిన్న పిట్టలు ఆగకుండా తిరుగుతుంటాయి. అవి తాటాకు లోపలి వైపున ఈకల్ని తమ ఉమ్మితో అతికించి చిన్న గూడు చేస్తాయి. గుడ్లు కూడా గాలికి పడిపోకుండా ఉమ్మితోనే అతికిస్తాయి. కల్లు గీసే గౌడన్నను అడిగితే ఏ చెట్టు మీద ఉన్నాయో చెప్తాడు.

కోయిల ఎలాగూ వినబడుతుంది, దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే కాకి నోటి ముందు నోరు తెరుచుకుని అడుక్కునే, కాకిపిల్ల కాని పిల్ల కనిపిస్తే అది కోయిల పిల్ల. నెమళ్లు కూడా పొద్దున్నే, బోడు దిబ్బల మీద. మే, జూన్ నెలల్లో పింఛం నిండుగా ఉంటుంది, వానాకాలం చివర ఈకలు రాలిపోతాయి.

టైమ్ విషయం మాత్రం గట్టిగా చెప్తాను. పొద్దున ఐదున్నరకు కట్ట మీద ఉండాలి, ఎనిమిదికి ఇంట్లో ఉండాలి. మళ్లీ సాయంత్రం ఐదు తర్వాతే. మధ్యలో పక్షులే నీడకు పోతాయి, వాటికి చెమట పట్టదు కాబట్టి ముక్కు తెరిచి రొప్పుతూ కూర్చుంటాయి. పిల్లలకు టోపీ, ఒంటికి మట్టి రంగు బట్టలు, చేతిలో నీళ్ల సీసా చాలు. ఫోన్‌లో మెర్లిన్ అనే ఉచిత యాప్ వేసుకోండి, ఫొటో చూపినా కూత వినిపించినా పేరు చెప్తుంది. అప్పుడప్పుడు తప్పు చెప్తుంది కాబట్టి ఊళ్లో పెద్దవాళ్లను కూడా అడగండి. బైనాక్యులర్ కొనాలనిపిస్తే ఎనిమిది బై నలభై రెండు సైజుది తీసుకోండి, కానీ ఈసారికి అవసరం లేదు.

చివరగా, మీరు జూన్ మూడో వారం దాకా ఉంటానన్నారు కదా, మొదటి పెద్ద వాన మీ కళ్ల ముందే పడే అవకాశం ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో కూర్చోకండి. వాన వెలిసిన అరగంటకు నేలలోని కన్నాల్లోంచి ఉసిళ్లు పొగలా లేస్తాయి. నిరుడు మా ఇంటి వెనక ఖాళీ జాగాలో ఒక్క పుట్ట దగ్గర గోరింకలు, కాకులు, తోక చీలిన పసులపోలిగాళ్లు, పచ్చటి పసిరిక పిట్టలు, పైన గద్దలు, అన్నీ ఒకేసారి చేరాయి. గద్ద గాల్లోనే కాలితో ఉసిళ్లను పట్టి నోట్లో పెట్టుకోవడం చూశాను. పక్కింటి పిల్లి కూడా వచ్చి తింది. ఒకదాన్ని ఒకటి తరమలేదు, అంత తిండి ఉంది.

ఆ రాత్రే మడుగులో కప్పలు మొదలవుతాయి. టార్చి వేసి చూస్తే పెద్ద మగ కప్పలు నిమ్మపండు రంగులోకి మారి ఉంటాయి. మర్నాడు పొద్దున ఎర్ర నేలల్లో ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి, ఎర్ర మఖమల్ ముక్కల్లా. వాటి కాళ్లు లెక్కపెట్టమనండి, ఎనిమిది ఉంటాయి. పురుగు అంటాం గానీ సాలీడు జాతికి దగ్గరివి. అగ్గిపెట్టెలో దాచుకోనివ్వకండి, చేతి మీద ఒకసారి నడిపించి వదిలేయమనండి.

ఈత చెట్లున్న బావి దగ్గర గిజిగాళ్లు కూడా అప్పుడే పని మొదలుపెడతాయి. మగవాటి తల పసుప్పచ్చగా మారుతుంది. సగం అల్లిన గూడు టోపీలా వేలాడుతుంటే ఆడది వచ్చి లోపల చూసి, నచ్చితేనే ఉంటుంది. నచ్చకపోతే మగది ఇంకోటి మొదలుపెట్టాలి.

ఇక తుమ్మ చెట్టు కొసన నలుపు తెలుపు పిట్ట ఒకటి, తల మీద జుట్టు పిలకలా నిలబెట్టుకుని ‘పియూ పియూ’ అని పిలుస్తుంటే ఆగి చూడండి. అది చాతకం. వాన చినుకులే తాగుతుందని కావ్యాల్లో చెప్పిన పక్షి. నైరుతి గాలుల వెంట ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వస్తుంది, గుడ్లు వేరే పిట్టల గూళ్లలో పెడుతుంది. మా చెరువు దగ్గర నాకు జూన్ రెండో వారంలోనే ఎక్కువగా కనిపించింది. మీకు కనిపిస్తే ఏ తారీఖున, ఏ చెట్టు మీద కనిపించిందో ఇక్కడే రాయండి, నా నోట్‌బుక్‌లో పక్క ఊరి లెక్క కూడా రాసుకుంటాను.